మ్యూనిక్ హద్దు రాళ్లు

ఆదివారం పొద్దున ఆరున్నరకు అబ్దుల్ కరీం ఇబ్రహీంపట్నం బస్టాండులో సిమెంటు బెంచీ మీద యూరప్‌ను పరిచాడు. నాలుగు కాగితాలు జిగురుతో అతికించిన చార్టు అది. ఎడమ వైపు ఊళ్లు, కుడి వైపు టైములు, మధ్యలో ఎర్ర పెన్నుతో గీతలు. గాలికి లేవకుండా ఒక మూల టిఫిన్ డబ్బా, ఇంకో మూల డప్పు, మూడో మూల తన ఎడమ కాలి చెప్పు పెట్టాడు. నాలుగో మూలను చేత్తో పట్టుకున్నాడు. ఆ మూలలో మ్యూనిక్ ఉంది. అది ఎగిరిపోతే తిరిగి ఇంటికి వచ్చే దారి ఉండదు.

"షకీల్ అబ్బా, చెప్పు ఏ ఊరి మీద పెట్టినవో చూసుకున్నవా?" అంది అతని భార్య ఇమామ్ బీ. మొగుడిని ఆమె కొడుకు పేరుతోనే పిలుస్తుంది.

"వియన్నా మీద."

"రేపు ఆ ఊరోళ్లకు మొఖం ఎట్ల చూపిస్తవ్?"

కరీం చెప్పు తీసి కాలికి తొడుక్కున్నాడు. వియన్నా మీద ఇమామ్ బీ తన సంచి పెట్టింది.

కరీం ముప్పై రెండేళ్లు అదే బస్టాండులో కంట్రోలర్. ఏ బస్సు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు కదలాలో రాసి, ఈల ఊది పంపించే ఉద్యోగం. లక్షల మందిని ఊళ్లకు పంపాడు. తాను మాత్రం ఎక్కడికీ పోలేదు. రిటైరైన కొన్నాళ్లకు బస్సు ఎక్కడుందో ఫోన్లలోనే కనబడడం మొదలైంది. ఆ రోజు నుంచి కరీంను టైము అడిగినవాడు లేడు. అడగకపోయినా చెప్పేవాడు కాబట్టి జనం అతని బెంచీ మీద కూర్చోవడం కూడా మానేశారు. ముప్పై రెండేళ్ల చదువు ఒక మనిషి తలలో మురిగిపోతుంటే ఈ ప్రభుత్వానికి గానీ ఊరికి గానీ పట్టింపు లేదు. అలాంటి మనిషికి యూరప్ దొరికింది.

దొరికిన తీరు ఇది. అదే వాడలో శంకరమ్మ అని యాభై దాటిన ఆడమనిషి ఒక డప్పు బృందం నడుపుతుంది. ఆమె, ఆమె కూతురు మంజుల, ఇంకా మరియ, లీదియా. నలుగురూ ఆడవాళ్లే. పెళ్లికైనా, చావుకైనా, సభకైనా, ధర్నాకైనా కొడతారు. ఇరవై ఏళ్లుగా ట్రాలీ ఆటోల వెనక నిలబడి తిరిగారు. ఒక్కసారి కుర్చీలో కూర్చున్న జనం ముందు, వేదిక మీద కొట్టాలని శంకరమ్మ కోరిక. వాళ్ల వీడియో చూసి విదేశంలో తోలు వాద్యాల ఉత్సవం జరిపేవాళ్లు ఉత్తరం పంపారు. వియన్నా, ప్రాగ్, మ్యూనిక్. తొమ్మిది రోజుల్లో మూడు కచేరీలు. అయిదు పాసులు, నలుగురు వాద్యగాళ్లకు, ఒక మేనేజర్‌కు. షరతు ఒక్కటే. పొగ వదిలే బండ్లంటే ఆ ఉత్సవానికి గిట్టదు కనుక కారు పంపరు, వ్యాను పంపరు. కళాకారులు అందరిలాగే రైలు, బస్సు, ట్రాము పట్టుకుని తామే ఊరి నుంచి ఊరికి రావాలి. బండి తప్పితే కచేరీ తప్పినట్టే.

"పెండ్లికి పిలిస్తే మనోళ్లు ట్రాలీ అన్న పంపుతరు. అంత పెద్ద దేశాలకు ట్రాలీ కరువైందా?" అని మరియ అడిగింది. 

మేనేజర్ ఎవరన్నదే తగువు. శంకరమ్మ అక్క కొడుకు రమాకాంత్ తనకు తానే పేరు ఇచ్చుకున్నాడు. రమాకాంత్ ప్లాట్లు అమ్మిస్తాడు. ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు, జేబులో రెండు ఫోన్లు ఉన్నాయి. కరీం తన పేరు చెప్పినప్పుడు రమాకాంత్ నవ్వాడు.

"చాచా, ఇప్పుడంత ఫోన్లనే ఉంటది. ఒక్కసారి నొక్కితే రైలు యాడున్నదో చూపిస్తది."

"రైలు యాడున్నదో ఫోన్ చెప్తది. మనుషులు యాడున్నరో ఎవడు చెప్తడు? నేను చూడలేదా. బస్సు వచ్చినంక పల్లీలు కొననీకి పోయేటోడు ఒకడు, ఒంటికి పోయేటోడు ఒకడు. బస్సులు తప్పవ్ రమాకాంత్. మనుషులే తప్పుతరు."

"సరే. పాస్‌పోర్టు ఉన్నదా మరి?"

"మక్కాకు ఉమ్రా పోదామని నేను, మీ చాచి ఇద్దరం తీసుకున్నం. బీరువల ఉన్నయి."

"ఎందుకు పోలే?"

"ఈయన పోతే ఈడ బస్సులు పరేషాన్ అయితయంట" అంది ఇమామ్ బీ.

శంకరమ్మ డప్పు నేల మీద పెట్టి తీర్పు చెప్పింది. "ఇద్దరు గిట్ల కొట్లాడుకుంటె నాకు తల నొస్తది. కరీం భాయ్, ఆదివారం మమ్మల్ని తిప్పి చూపియ్యి. ఉన్న బస్సులల్లనే తిప్పు. ఒక్కటి తప్పకుంట ఇంటికి తెస్తివా, అయిదో పాసు నీది. ఒక్క బస్సు తప్పినోడు మాత్రం మాకు మేనేజర్ కాడు. సోమారం పేరు పంపాలె."

అందుకని కరీం ఉన్న బస్సులతోనే యూరప్ కట్టాడు. ఇబ్రహీంపట్నం బస్టాండు వియన్నా. తుర్కయంజాల్‌లో బండి మారాలి, ఏడు నిమిషాల్లో. మీర్‌పేట్ ప్రాగ్. తిరుగు విమానం ఎక్కేది మ్యూనిక్‌లో; నాదర్‌గుల్‌లో విమానాలు దిగే చోటు ఉంది కాబట్టి అదే మ్యూనిక్. బోర్డు లేని బస్సును కరీం జీవితంలో కదలనివ్వలేదు. బోర్డు లేని ఊరిని మాత్రం ఎలా ఒప్పుకుంటాడు? రేకు ముక్కల మీద తెల్ల రంగు వేసి, ఎర్ర రంగుతో పేర్లు రాసి, శనివారమే పోయి కట్టి వచ్చాడు. ఉత్సవంవాళ్ల ఉత్తరంలో ఒక రైల్వే స్టేషను బొమ్మ ఉంది. ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో అక్కడ నేల మీద గీతలు, నంబర్లు ఉన్నాయి. రైలు రెండే నిమిషాలు ఆగుతుందట. కరీంకు ఆ బొమ్మ ప్రాణంతో సమానమైంది. నాదర్‌గుల్ స్టాపు పక్కన పిల్లలు క్రికెట్ ఆడే ఖాళీ జాగాలో సున్నంతో అయిదు గడులు గీశాడు. ఒక్కో గడికి నాలుగు మూలలా రాళ్లు పాతాడు. రాళ్ల మీద ఇరవై ఒకటి నుంచి ఇరవై అయిదు దాకా నంబర్లు వేశాడు. సున్నం బస్తా ఇమామ్ బీ మోసింది. పక్కన "మ్యూనిక్" బోర్డు నిలబెట్టి, దూరం పోయి చూసుకుని మురిసిపోయాడు.

రంగారెడ్డి జిల్లాలో ఖాళీ జాగాలో సున్నం గీత, నంబరు రాయి కనబడితే జనం ఏమనుకుంటారో పాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. కరీంకు తెలియలేదు. అతని తలలో రైలు ఉంది.

ఏడు పదికి రావాల్సిన బస్సు ఏడు ఇరవై ఆరుకు వచ్చింది.

"అయిపాయె. మొదటి బస్సే లేటు" అంది మంజుల.

"బస్సు లేటైతే మనం తప్పినట్టు కాదు. చార్టుల రాసిన" అన్నాడు కరీం.

ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి బస్సు నిండా ఆడవాళ్లే. ఇమామ్ బీ కిటికీలోంచి దస్తీ వేసి, కొంగు వేసి, సంచి వేసి ఆరు సీట్లు పట్టింది. నలుగురు డప్పులతో ఎక్కి కూర్చున్నారు. కరీం కింద నిలబడి తలలు లెక్కపెట్టాడు, గడియారం చూశాడు, ఈల ఊదాడు. డ్రైవరు ఈల విన్నాడు, కదిలాడు. కరీం చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. ఇమామ్ బీ ఫుట్‌బోర్డు మీదికి ఉరికి వచ్చి అతని కాలరు పట్టి లోపలికి గుంజింది.

"నువ్వు గూడ ఎక్కాలె."

"యాది లేదు" అన్నాడు కరీం, షర్టు గుండీ వెతుక్కుంటూ.

ఎక్కాక కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి ప్రతి స్టాపుకు టైము రాసుకున్నాడు. దస్తీ వేసిన సీటు ఖాళీగా ఉండిపోయింది.

"గీడ ఎవరు?" అని అడిగింది ఆకుకూరల గంప పట్టుకున్న ఒకామె.

"మేనేజర్" అంది ఇమామ్ బీ.

"యాడున్నడు?"

"గా నిలబడ్డాయన, చూడు."

"కూసోకుంటే దస్తీ ఎందుకు?"

"గదే నేను ముప్పై ఏండ్ల సంది అడుగుతున్న" అంది ఇమామ్ బీ. దస్తీ మాత్రం తియ్యలేదు.

తుర్కయంజాల్‌లో మీర్‌పేట్ బస్సు కదలబోతోంది. కరీం చార్టు ప్రకారం ఇంకా నాలుగు నిమిషాలుంది. డ్రైవరు ఆ చార్టు చూడలేదు. కరీం కాగితం విప్పేలోపు ఇమామ్ బీ పోయి బస్సు ముందర టిఫిన్ డబ్బా పెట్టి, దాని పక్కన నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నలుగురూ ఎక్కారు. కరీం మళ్లీ ఈల ఊదాడు, మళ్లీ కిందే ఉన్నాడు, మళ్లీ కాలరు తెగినంత పనైంది.

"రెండు బస్సులు, ఒక్కటి తప్పలే" అన్నాడు రొప్పుతూ.

"మాకు తప్పలే, నీకే తప్పుతున్నయి" అంది శంకరమ్మ.

మీర్‌పేట్‌లో కరెంటు స్తంభానికి "ప్రాగ్" బోర్డు పదిలంగా ఉంది. దాని కింద చెత్త వేయరాదన్న బోర్డు ఉంది, దాని కింద చెత్త ఉంది. ప్రాగ్ కచేరీకి కరీం అయిదు నిమిషాలు ఇచ్చాడు. నాలుగు డప్పులు ఒక్కసారి మోగాయి.

మన దగ్గర వీధిలో డప్పు మోగితే జనం సంగీతం అనుకోరు, చాటింపు అనుకుంటారు. అపార్టుమెంటు బాల్కనీలు నిండాయి. కాలనీ సంఘం కార్యదర్శి బనీనుతోనే దిగి వచ్చాడు.

"ఏం చాటింపు? నీళ్లు బందా?"

"నీళ్లు కాదు సార్, ప్రాగ్" అంది లీదియా.

"అది కొత్త పన్నా?"

ఇంతలో రెండో అంతస్తు ఆమె "నీళ్లు బందంట" అని మూడో అంతస్తుకు చెప్పింది. మూడో అంతస్తు "రెండు రోజులు" కలిపి నాలుగుకు చెప్పింది. అయిదో అంతస్తుకు చేరేసరికి వారం అయింది. వీధి పొడవునా మోటార్లు ఒక్కసారి గుయ్యిమన్నాయి. ఒక ట్యాంకు పొంగి కార్యదర్శి బనీను మీదే పడింది. శంకరమ్మ తాళం తప్పకుండా కొట్టింది. ఇరవై ఏళ్లలో ఆమె మీద ఇంతకంటే చాలా పడ్డాయి.

కార్యదర్శి తడిసిన బనీను పిండుకుంటూ కరీం మీదికి వచ్చాడు. కరీం నిజాయితీపరుడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"కోపం చేయకుండ్రి సార్. గీడ ఉత్త బోర్డే. అసలుది నాదర్‌గుల్‌ల ఉన్నది, మ్యూనిక్. ఆడ సున్నం గీసినం, రాళ్లు పాతినం, నంబర్లు ఏసినం."

"ఎన్ని ఉన్నయి?" కార్యదర్శి బనీను పిండడం ఆపాడు.

"అయిదు. అయిదూ అయిపోయినయి. అన్ని మావోళ్లకే."

"ఒక్కటన్న దొరకదా?"

"ఎట్ల దొరుకుతది సార్. పేర్లు రాసి పెట్టినం. రేపైతే పై నుంచి గూడ మంజూరైతది."

కరీం ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఈ జిల్లాలో భూమి మీద నిలబడి ఉన్నదున్నట్టు మాట్లాడినవాడు అతనొక్కడే అయి ఉంటాడు. అందుకే ఎవరికీ అర్థం కాలేదు. కార్యదర్శి పదకొండేళ్లుగా ప్లాటు వెతుకుతున్నాడు. అమ్మకానికి ఉన్నదేదీ అతనికి నచ్చలేదు. అయిపోయింది అనగానే నచ్చింది. ఫోను తీసి బావమరిదికి చేశాడు. బావమరిది ఆఫీసువాళ్ల గ్రూపులో పెట్టాడు. కరీం బృందం నాదర్‌గుల్ బస్సు కోసం అరగంట నిలబడి, ఇమామ్ బీ డబ్బాలోని చపాతీలు తినేలోపు, ఆ ముచ్చట తిరిగి తిరిగి రమాకాంత్ రెండు ఫోన్లకూ చేరింది.

రమాకాంత్‌కు ఆ వెంచర్ ఎవరిదో తెలియదు. తెలుసుకుని అమ్మడం అతని పద్ధతి కాదు. నలుగురు గిరాకీలను కారులో ఎక్కించుకుని నాదర్‌గుల్ వైపు ఉరికాడు.

పదకొండుకు కరీం బృందం మ్యూనిక్‌లో దిగేసరికి అక్కడ పన్నెండు కార్లు, ముప్పై బైకులు ఉన్నాయి. చాయ్ బండి కూడా వచ్చింది. ఒకతను ఇరవై మూడో నంబరు గడిలో నిలబడి దిక్కులు చూస్తున్నాడు. ఇంకొకతను అడుగులతో గడిని కొలిచి, "మరీ ఇంత చిన్నగనా?" అంటున్నాడు. అది ఒక మనిషి, ఒక డప్పు పట్టడానికి గీసిన గడి.

"ఇప్పుడన్నీ గిట్లనే వస్తున్నయి సార్. పైకి కట్టుకోవాలె" అంటున్నాడు రమాకాంత్, కరీం బృందానికి వీపు తిప్పి. "ఇది మొదటి విడత. రెండోది మొత్తం నా చేతుల ఉన్నది. నాదే అనుకోండ్రి."

కరీంకు ఇదేమీ పట్టలేదు. జనాన్ని చూసి, స్టాపులో రద్దీ ఎక్కువుందనుకున్నాడు. పదకొండు అయిదుకు మ్యూనిక్ కచేరీ. తోలు సల్లబడి వదులైందని మంజుల, మరియ గడ్డి తెచ్చి మంట పెట్టి డప్పులు కాచడం మొదలుపెట్టారు. మంట చూసి గిరాకీలు భూమిపూజ అనుకుని చెప్పులు విప్పారు.

పొగ ఊళ్లో నుంచి కూడా కనబడింది. ఊళ్లో మల్లేశయ్య అని ఒక పెద్దమనిషి ఉన్నాడు. కబ్జా అన్న మాట వినబడితే అన్నం ముందు నుంచి లేచే రకం. ఇలాంటివాళ్లు ఊరికి ఇద్దరుంటే ఈ పాటికి చెరువులు మిగిలేవి. క్రికెట్ జాగాలో రాళ్లు పడ్డాయని పొద్దుటి నుంచి మనుషులను కూడగడుతున్నాడు. పొగ చూసి, తాను లేకుండానే ఎవరో దిష్టిబొమ్మ తగలబెడుతున్నారని మండిపడి, అరవై మందితో ఉరికి వచ్చాడు. కొత్త బ్యానరు రాసే సమయం లేక పాతదే తెచ్చారు. దాని మీద "మా బడికి గోడ కట్టాలి" అని ఉంది.

"ఊరి పేరు మార్చి మ్యూనిక్ అని పెట్టనీకి ఎవడు వాడు?" అని మల్లేశయ్య అరుస్తుండగానే డప్పులు మోగాయి.

వెంచర్ తెరుస్తున్నారని గిరాకీలు చప్పట్లు కొట్టారు. ధర్నాకు డప్పులు వచ్చాయని మల్లేశయ్య మనుషులు నినాదాలు ఎత్తుకున్నారు. నినాదం దెబ్బ మీద సరిగ్గా కూర్చుంది. శంకరమ్మ రెండు వైపులా చూసింది. రెండు వైపులా ఆమె ఎన్నోసార్లు కొట్టింది. ఎటు తిరగాలో తెలియక మధ్యలో నిలబడి కళ్లు మూసుకుని కొట్టింది. చూసినవాళ్లు ఇప్పటికీ చెప్తారు, మ్యూనిక్ కచేరీ అంత బాగా మళ్లీ జరగదని.

పదకొండున్నరకు జనం రోడ్డు మీద బైఠాయించారు. తిరుగు బస్సు పదకొండు ముప్పై నాలుగుకు వచ్చి బ్యానరు ముందు ఆగిపోయింది.

"భాయ్, బస్సు బందైంది. ఇప్పుడెట్ల?" అంది శంకరమ్మ.

"ఏం ఫికర్ లేదు. కదిలినంకనే గద తప్పేది. నిలబడ్డ బస్సు ఎవరికీ తప్పదు" అన్నాడు కరీం. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో ఉన్న ధీమా చూసి శంకరమ్మకు కూడా నమ్మకం కలిగింది.

ఎస్సై వచ్చాడు. వెంచర్ ఎవరిదని అడిగాడు. "నాదే అనుకోండ్రి" అన్న మాట విన్నవాళ్లు నలుగురున్నారు. నలుగురూ రమాకాంత్‌ను చూపించారు. అరవై మంది అతని చుట్టూ మూగారు.

"అయ్యో, నాది కాదు సార్, నేను ఉత్తగ చూపియ్యనీకి వచ్చిన" అంటూ రమాకాంత్ చుట్టూ చూశాడు. బోర్డు మీద రాత అప్పుడు పరీక్షగా చూశాడు. చిన్నప్పటి నుంచి బస్టాండు గోడ మీద చూసిన రాత అది. పక్కనే ఈల మెడలో వేసుకుని కరీం ఉన్నాడు. "చాచా, ఈ రాళ్లు నీయా?"

"నావే" అన్నాడు కరీం. "గిది రైలు."

అరవై మందీ రమాకాంత్‌ను వదిలి కరీం వైపు తిరిగారు.

"ఏ రైలు?" అన్నాడు ఎస్సై.

కరీం చార్టు విప్పి జీపు మీద పరిచాడు. "వియన్నా నుంచి పొద్దుగాల బయలెల్లినం సార్. ప్రాగ్‌ల కచేరీ అయింది. గిది మ్యూనిక్. గివి పెట్టెలు ఆగే గడులు."

"వియన్నా యాడుంది?"

"ఇబ్రహీంపట్నం బస్టాండు, మూడో బెంచి."

ఎస్సై చార్టును చూశాడు, డప్పులను చూశాడు, ఇమామ్ బీ చేతిలోని డబ్బాను చూశాడు. ఉత్సవంవాళ్ల ఉత్తరం చూశాడు. అందులో స్టేషను బొమ్మ చూసి, నేల మీద గీతలు చూశాడు. "సరే. గిది రైలైతే నడిపి చూపియ్యి. లేకుంటే అందరు స్టేషన్‌కు నడువుండ్రి."

నడపాలంటే బస్సు గడుల దాకా రావాలి. బస్సు రావాలంటే రోడ్డు ఇవ్వాలి. మల్లేశయ్య ఒప్పుకోలేదు. "రాస్తారోకో అంటే రాస్తారోకోనే. గది ఆటనా?"

"అన్నా, ఇరవై అడుగులే. రైలు కాదని తేలితే నేనే వచ్చి మీ నడుమ కూసుంట" అన్నాడు కరీం.

మల్లేశయ్య ఆలోచించి బ్యానరు మడిచాడు. మనుషులు రోడ్డు దిగారు.

కరీం ముందుకు నడిచాడు. నిన్నటి దాకా పలకరించే దిక్కు లేని మనిషి మాట కోసం ఇప్పుడు రెండు వందల మంది నోరు మూసుకుని నిలబడ్డారు. శంకరమ్మను ఇరవై ఒకటిలో, మంజులను ఇరవై రెండులో, మరియను, లీదియాను ఆ తర్వాతి గడుల్లో నిలబెట్టాడు. నడిపేవాడు తానే కాబట్టి ఇరవై అయిదో గడిలో ఇమామ్ బీని నిలబడమన్నాడు.

"నీ జాగ పట్టి పెడత. ఎక్కు మరి" అంది ఆమె.

"ఎక్కుత."

ఈల ఊదాడు. బస్సు వచ్చి ఆగింది. తలుపు సరిగ్గా ఇరవై మూడు ముందర. నలుగురూ డప్పులు చంకన పెట్టుకుని ఎక్కారు, వెనక ఇమామ్ బీ. నలభై సెకన్లు. జనం ఈలలు వేశారు. ఎస్సై కూడా చప్పట్లు కొట్టాడు. ఇమామ్ బీ కిటికీ పక్క సీటు మీద దస్తీ వేసి, దాని పక్కన కూర్చుని కరీం వైపు చూసింది.

కరీం గడియారం చూశాడు. ఛాతీ పొంగింది. కుడి చెయ్యి పైకెత్తాడు. ముప్పై రెండేళ్లలో ఎన్నడూ ఊదనంత పొడుగ్గా ఈల ఊది, "రైట్, రైట్" అన్నాడు.

అంతసేపు ఇరుక్కున్న డ్రైవరుకు ముందర రోడ్డు ఖాళీగా కనబడింది. పోనిచ్చాడు. కిటికీలోంచి ఇమామ్ బీ చెయ్యి బయటికి వచ్చి కాలరు కోసం వెతికింది. గాలి తప్ప ఏదీ అందలేదు. బస్సు మలుపు తిరిగేదాకా కరీం చెయ్యి ఊపాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి చార్టులో పదకొండు యాభై రెండు అని వేశాడు. వేసి, ఆ అంకె వైపే చూస్తూ నిలబడ్డాడు.

"చాచా" అన్నాడు రమాకాంత్ వెనక నుంచి. "నువ్వు ఎక్కలే."

"అవ్" అన్నాడు కరీం.

ఎస్సై జీపు ఎక్కబోతూ ఇద్దరినీ పిలిచాడు. "రాళ్లు పాతినోడు, అమ్మజూసినోడు, ఇద్దరు కలిసి ఈ మ్యూనిక్‌ను మాయం చేసి పోండ్రి."

కరీం రాళ్లు పెకిలించాడు. రమాకాంత్ ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి సున్నం గీతలు చెరిపాడు. మీర్‌పేట్ కార్యదర్శి పొడి బనీను వేసుకుని అప్పుడే వచ్చి, "రెండో విడతకు పేరు రాసుకుంటరా?" అని అడిగాడు. రమాకాంత్ నోరు తెరిచి, మల్లేశయ్యను చూసి, మూశాడు. మూడింటికి మల్లేశయ్యే ఇద్దరికీ చాయ్ పోయించాడు.

సాయంత్రం కరీం ఇంటి అరుగు మీద పంచాయితీ కూర్చుంది. శంకరమ్మ చార్టు అడిగి తీసుకుంది. అందులో నాదర్‌గుల్ తర్వాత కూడా టైములు ఉన్నాయి, కరీం ఇంటికి వచ్చాక ఇమామ్ బీ చెప్తే లీదియా రాసినవి. తుర్కయంజాల్‌లో మారినది, ఇబ్రహీంపట్నంలో దిగినది. చార్టులో వేసిన దానికంటే మూడు నిమిషాలు ముందే.

"ఒక్క బస్సు తప్పినోడు మేనేజర్ కాడని చెప్పిన" అంది శంకరమ్మ. "కరీం భాయ్ తప్పిండు. రమాకాంత్ అసలు ఎక్కనే లేదు. తప్పనిది ఇమామ్ బీ వదినె ఒక్కతే. పాస్‌పోర్టు గూడ ఉన్నదంటిరి గద."

"నాకేం తెలుసు ఆ దేశాలు?" అంది ఇమామ్ బీ.

"ఇయ్యాల్టి దాక నీకు మీర్‌పేట్ తెలుసా?"

"లే."

"మరి గట్లనే."

ఇమామ్ బీ మొగుడి వైపు చూసింది. కరీం అరుగు మీది నుంచి లేచాడు. లోపలికి పోయి బీరువా తెరిచాడు. ఒక పాస్‌పోర్టు బయటికి తెచ్చి, రెండోది అక్కడే ఉంచి తలుపు వేశాడు. ఈల మెడలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఊదినంక ఎక్కు. మర్చిపోవద్దు."

"నీ లెక్కనా" అంది ఇమామ్ బీ. కానీ ఈలను కొంగున ముడి వేసుకుంది.

రెండు నెలలకు వాళ్లు అయిదుగురూ యూరప్ పోయారు. తొమ్మిది రోజులూ కరీం మూడో బెంచీ మీద చార్టు పరుచుకుని కూర్చున్నాడు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. వెనక ఏదో రైలు చప్పుడు.

"షకీల్ అబ్బా, మ్యూనిక్‌ల దిగినం. నువ్వు గీసినట్టే ఉన్నది. గీతలున్నయి, నంబర్లున్నయి. అందరు గడులల్లనే నిలబడ్డరు. ఒక్కడు గూడ గజం ఎంతని అడుగుతలేడు."

"రైల్ల సీటు దొరికిందా?"

"దొరికింది. పక్క సీటు మీద దస్తీ ఏసిన. ఎవరికని అడిగిన్రు."

"ఏమని చెప్పినవ్?"

"నిలబడ్డడని చెప్పిన."

కరీం ఫోను పెట్టేసి, చార్టులో మ్యూనిక్ ఎదురుగా 'సమయానికి చేరింది' అని రాసి, కింద సంతకం పెట్టి, బెంచీ మీద కూర్చోవడానికి వచ్చిన ఒక ముసలాయనకు మాల్ ఊరికి పోయే బస్సు పావుగంట లేటని అడక్కుండానే చెప్పాడు.